నాలుగో మంచం బొట్టు

చిత్తూరులోని ఆ ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో డాక్టర్లు మారారు, నర్సులు మారారు, గోడల రంగు మూడుసార్లు మారింది. మారనిది చౌడేశ్వరమ్మ ఒక్కతే. ఇరవై రెండేళ్లుగా ఐరాల నుంచి మొదటి బస్సుకు వచ్చి, కొంగు బిగించి, ఎనిమిది మంచాలూ తుడుస్తుంది. అందరికీ ఆమె చౌడక్క. ఆమె తుడిచిన మంచం కమ్మీలో చూసుకుని తల దువ్వుకోవచ్చని పెద్ద డాక్టరు గిరిప్రసాద్ అంటే, "దువ్వుకో సారూ, ఎంటికలు మాత్రం కింద ఎయ్యొద్దు" అనేది. ఆయన తల మీద ఉన్నవే నాలుగు, అది వేరే సంగతి.

అలాంటి మనిషికి డిసెంబరులో తలవంపులు వచ్చిపడ్డాయి. నాలుగో మంచం మీదున్న రోగి రక్తంలో కొత్త రకం ఫంగస్ కనిపించింది. ఈ మధ్యకాలంలో బయటపడ్డ జాతి అది. చాలా మందులకు లొంగదు, మంచాల మీదా మిషన్ల మీదా వారాల తరబడి బతుకుతుంది. రోగి అదృష్టవంతుడు, కోలుకున్నాడు. మంచం కడిగించి, దూదిపుల్లతో నమూనా తీసి ల్యాబుకు పంపారు. ఫంగస్ ఉంది. మళ్లీ కడిగించారు, మళ్లీ ఉంది. మూడోసారీ వస్తే చౌడక్కను పనిలోంచి తీసేస్తామన్నారు ఆఫీసువాళ్లు.

"పని పోతే పోనీ. నా మంచం మురికంట! ఆ మాట పడి యాడ బతికేది?" అని ఆమె ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆసుపత్రిలో క్రిముల సంగతి చూసే సిస్టరు పల్లవిది పాకాల. చౌడక్క అంటే ఆ పిల్లకు ప్రాణం. నిజం తేల్చాలని, కంటికి కనబడని రంగుచుక్కలు మంచమంతా పెట్టింది. చౌడక్క తుడిచాక నీలం లైటు వేసి చూస్తే ఒక్క చుక్కా మిగల్లేదు. అయినా ఫంగస్ ఎలా మిగిలింది? పల్లవి ఆమె పక్కనే నిలబడి తుడవడం మొదటి నుంచీ చూసింది.

"అక్కా, ఇన్నాళ్లు మనం వాడిన పాత మందు క్రిమి పైపొరను చీల్చి సంపుతాది. దీని మీద అది సరిగ్గా పని చేయదు. ఇప్పుడిచ్చిన బ్లీచింగ్ నీళ్లయితే పైపొరతో పాటు లోపలి సరుకంతా పాడుచేస్తాయి. కానీ పది నిమిషాలు తడి ఆరకూడదు. నువ్వేమో వెంటనే పొడిగుడ్డ పెడతావు. అది సచ్చేలోపల మందునే తుడిచేస్తుండావు."

"తడిగా వదిలేసి పోతే పని ఎగ్గొట్టినట్టు ఉండదా పాపా?"

"ఉండనీ. ఇంకోటి సూడు, ముందు సబ్బునీళ్లతో మురికి పోవాల. ఏదన్నా గట్టిగా పేరుకోనుంటే బ్లీచింగ్ బలమంతా దానికే సరిపోతాది. కింద దాక్కున్నది హాయిగా బతుకుతాది."

చౌడక్క చేతిలో గుడ్డ ఆగిపోయింది.

అక్టోబరులో ఆయుధపూజ నాడు ప్రతి మంచం కమ్మీకీ దట్టంగా గంధం అలికి, మీద కుంకుమ బొట్టు పెట్టింది పల్లవి. అలా పెట్టమని పల్లవికి చెప్పిందీ చౌడక్కే. పండగ అయిపోయింది, గంధం ఎండి పెచ్చు కట్టింది. రెండు నెలలుగా చౌడక్క గుడ్డ ఆ బొట్టు దాకా వెళ్లి, దాని చుట్టూ తిరిగి వచ్చేస్తోంది. రంగుచుక్కలు పెట్టిన పల్లవి కూడా బొట్టును తప్పించే పెట్టింది. బొట్టు మీద చుక్క పెట్టాలని మనలో ఎవరికి తోస్తుంది చెప్పండి! కమ్మీ పట్టుకున్న చేతులన్నీ మాత్రం దాన్ని తాకుతూనే ఉన్నాయి.

ఆరేళ్ల కిందట భర్త నారాయణ పోయాక, పెద్దకర్మ రోజున చౌడక్క నొసటి బొట్టు తుడిచారు. తన చేత్తో ఇంకెవరి బొట్టూ తుడవనని ఆమె ఆనాడే అనుకుంది. చివరికి మంచం బొట్టయినా సరే.

ఇప్పుడు ఎవరూ లేనప్పుడు గోటితో గీకి పారేస్తే చాలు, మూడో నమూనా శుభ్రంగా వస్తుంది, పరువూ దక్కుతుంది. ఆ ఆలోచన ఆమెకు రాకపోలేదు. కానీ మిగతా ఏడు మంచాలకూ బొట్లున్నాయి, ఆ మంచాల మీద మనుషులున్నారు.

"తప్పు నాదే పాపా" అని కమ్మీ మీద వేలు పెట్టి చూపించింది. "దీన్ని నేనొక్కనాడూ తుడవలా."

పల్లవి ముఖం వాడిపోయింది. పెట్టింది తనే కదా! బొట్టు మీంచి విడిగా ఒక నమూనా తీసుకుని, "నేను తుడుస్తాలే అక్కా" అంది.

"నువ్వొద్దు. ముత్తైదువ్వి. నా కాడ ఇంక పోయేదేముండాది?"

సబ్బునీళ్లతో నానబెట్టి ఎనిమిది బొట్లనూ చౌడక్కే తీసింది. ఏడుస్తూనే తీసింది, ఒక్క పెచ్చు కూడా మిగల్చలేదు. తర్వాత అప్పుడే కలిపిన బ్లీచింగ్ నీళ్లు పూసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. పొడిగుడ్డ కోసం చేతులు ఒకటే దురద. ఆ పది నిమిషాలు ఆమె ఎలా ఓర్చుకుందో ఆమెకే తెలియాలి.

రిపోర్టులు వచ్చాయి. బొట్టులో ఫంగస్ ఉంది, కడిగిన మంచం మీద లేదు. తప్పు తానే చెప్పుకున్న మనిషిని తీసేస్తే ఇక ఎవరు నిజం చెబుతారని గిరిప్రసాద్ ఆఫీసువాళ్ల నోరు మూయించాడు.

సంక్రాంతి దాటాక నాలుగో మంచం మీదికి తిరుమలయ్య అనే మామిడి రైతు వచ్చాడు. ఊపిరితిత్తులకు నెమ్ము. భార్య రాఘవమ్మను ఐదు నిమిషాలు చూడనిచ్చారు. ఆమె కొంగుముడిలోంచి కాణిపాకం కుంకుమ తీసి, మంచం కమ్మీకి పెట్టబోయింది. చౌడక్క ఆ చెయ్యి పట్టుకుంది.

"మంచానికొద్దమ్మా. మీ ఆయన నొసట పెట్టు."

రాఘవమ్మ బిత్తరపోయి చూసింది.

"ఈడ పెడితే రేపు నేను తుడిసేయాల" అంది చౌడక్క. "ఆడ పెట్టు. దాన్ని మాత్రం నేను తుడవను, ఎవురినీ తుడవనీను."