బావ బండి స్టార్టు కాని రోజు

నందిగామలో ముప్ఫై ఏళ్ళుగా బళ్ళు బాగు చేస్తున్నాను. నా చేతిలో పని ఉంది, నోట్లో దురుసూ ఉంది. మొదటిదాని కోసం రెండోదాన్ని జనం భరిస్తూ వచ్చారు. ఆ రోజు నా నోరు చేసిన పని తలచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు చల్లబడుతుంది.

రెండేళ్ళ కిందటి మాట. జగ్గయ్యపేట అవతల మా అక్కావాళ్ళ ఊళ్ళో ఆ ఏడు మిరప పోయింది. పూతకి నల్ల తామరపురుగు పట్టింది. ఎన్ని మందులు కొట్టినా ఏ పువ్వు విప్పి చూసినా అదే. చివరికి బావ నిలబడ్డ చేను నిలబడ్డట్టే ట్రాక్టరుతో దున్నించేశాడు. ఆ రోజు నుంచీ మనిషి మాట మానేశాడు. కంచం ముందు కూర్చుని అన్నం కలిపి, కలిపిన ముద్ద అలాగే వదిలేసి లేచిపోయేవాడు. అక్క ఫోన్ చేసి, "మీ బావ ఏమన్నా చేసుకుంటాడేమోనని భయంగా ఉందిరా" అంది. ఆమె ఏడవలేదు. అందుకే నాకు ఇంకా భయమేసింది.

వెళ్ళాలి వెళ్ళాలి అనుకుంటుండగానే నాలుగో రోజు బావే ఫోన్ చేశాడు. "బండి స్టార్టవ్వట్లేదురా. ఓసారొచ్చి చూడు" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. చచ్చిపోదామనుకునేవాడికి బండితో పనేముంటుంది, ఇక గండం గడిచినట్టే అనుకున్నాను. షాపుకి తాళం వేసి, సామాన్ల సంచీ తగిలించుకుని బయల్దేరాను.

అది పాత టూ స్ట్రోక్ బండి. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాలి. వానొస్తే నల్లరేగడి మట్టి మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం తిరగదని, బావ ముందు మడ్‌గార్డు పీకేసి, బురదలో జారని గట్టి పళ్ళున్న టైర్లు వేయించాడు. మోకాలి లోతు బురద డొంకలో కూడా అది పోయేది. ఊళ్ళోకి ఆటోలు పొద్దునోసారి, సాయంత్రమోసారి వస్తాయి. పొలానికైనా పేటకైనా ఆయనకి అదే దిక్కు.

నేను వెళ్ళేసరికి బావ వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగి, కళ్ళు లోపలికి పోయి, ఎవరో పరాయి మనిషిలా ఉన్నాడు. "వచ్చావా" అని మాత్రం అన్నాడు. అక్క మంచినీళ్ళు తెచ్చింది.

"ఇంత ఎండలో దీనికోసం వచ్చావా? దాని పని ఎప్పుడో అయిపోయింది. పాతసామాన్లవాడికి ఇచ్చెయ్యమంటే మీ బావ వినడు. అన్నం తిని పడుకో" అంది. బావ వెనకనించి నాకు చెయ్యి అడ్డంగా ఊపింది కూడా.

ఆ ఊపుడు నాకు అర్థం కాలేదు. నీరసంగా ఉన్న మనిషి బండెక్కి ఎక్కడ పడతాడోనని ఆమె భయమనుకున్నాను. పైగా నా ఎదుటే బండి పని అయిపోయిందంటే నాకు మండదూ? "నువ్వూరుకో అక్కా. ఇంకో పదేళ్ళు తిప్పుతా చూడు" అని చొక్కా విప్పి పక్కన పడేశాను.

ప్లగ్గు విప్పాను. తడిగా ఉంది. తుడిచి, ఇంజనుకి ఆనించి కిక్కు కొడితే నీలం నిప్పు టక్కున వచ్చింది. ప్లగ్గు బొక్క మీద బొటనవేలు పెట్టి కొడితే గాలి వేలిని నెట్టేస్తోంది, అంటే ఇంజను బాగానే ఉంది. ట్యాంకు ఊపి చూశాను, గలగలమంది. పెట్రోలు ఉందిలే అని దాని జోలికి వెళ్ళలేదు. సైలెన్సరు మసి పట్టి మూసుకుపోయిందేమోనని విప్పి గీకాను. కొత్త ప్లగ్గు పెట్టాను. డొంక వాలులో తోసి సెకండు గేరులో వదిలాను. దగ్గు కూడా దగ్గలేదు. ఇల్లు పీకి పందిరేసినట్టు బండంతా విప్పి వాకిట్లో పరిచాను. మధ్యలో అక్క రెండుసార్లొచ్చి, "ఇంక వదిలెయ్యరా" అంది. రెండోసారి గట్టిగానే కసిరాను.

చివరికి కార్బొరేటరు అడుగు గిన్నె విప్పాను. పెట్రోలు కింద మజ్జిగలా తెల్లగా, చిక్కగా ఏదో పేరుకుని ఉంది. వాసన చూశాను. మిరప పండించే ఊళ్ళో ఆ వాసన తెలియనివాళ్ళు ఉండరు.

నాకు మొదట వచ్చింది కోపమే. ఈ పక్క ఊళ్ళల్లో ఇది మామూలే. స్ప్రేయరుకి ఆయిల్ కలిపిన పెట్రోలు ఖాళీ మందు సీసాల్లో పోసి పెట్టుకుంటారు. ఏ సీసాలో ఏముందో చూడకుండా ట్యాంకులో వంచేస్తారు. అలాంటి బళ్ళు ఏటా రెండు మూడు నా దగ్గరికొస్తాయి. అంత దూరం వచ్చి, అంత ఎండలో ఇంత సేపు చాకిరీ చేసింది దీనికోసమా అని ఒళ్ళు మండి వీధంతా వినపడేలా అరిచాను.

"ట్యాంకులో పురుగుమందు పోసిన మహానుభావుడెవరు బావా? మూత తీసి వాసన చూసే తీరిక కూడా లేదా?"

బావ మంచం దిగి వచ్చాడు. వంగి నా చేతిలోని గిన్నె వాసన చూశాడు. ఆ తర్వాత నావైపు చూడలేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అక్కవైపు చూశాడు.

"రెండ్రోజులుగా వెతుకుతున్నా" అన్నాడు.

అక్క గుమ్మం పట్టుకుంది. "ఎక్కడ పొయ్యమంటావు?" అంది. గొంతు మామూలుగానే ఉంది. "కాలవలో పోస్తే గేదెలు తాగుతాయి. పెంట మీద పోస్తే కోళ్ళు చస్తాయి. ఇంట్లో ఎక్కడ దాచినా వెతుక్కుంటావు. ఇందులో పోస్తే, పేటెళ్ళి ఇంకోటి తెచ్చుకోడానికి బండన్నా కదలదనుకున్నా."

బావ నన్నెందుకు పిలిచాడో అప్పుడు తెలిసింది. ఇంకో సీసాకి వెళ్ళడానికి బండి కావాలి. దాన్ని బాగు చెయ్యడానికి నేను పరిగెత్తుకుంటూ వచ్చాను. అక్క పద్దెనిమిదేళ్ళప్పుడు ఆయన చెయ్యి పట్టుకుంటే, పీటల పక్కన నిలబడ్డ తమ్ముణ్ణి నేను.

"నా చేత్తోనే చేయిద్దామనుకున్నావా బావా? సిగ్గు లేదూ నీకు?" అన్నాను. అనేటప్పుడు ఏడుస్తున్నాను. ఆయన అలాగే నేల మీద కూలబడ్డాడు.

బండిని ఆటోకెక్కించి నందిగామ తీసుకుపోతానన్నాను. వద్దన్నది అక్క.

"బాగు చెయ్యి. ఇది తీసుకుపోతే రేపు నడిచెళ్తాడు. ఎన్నని దాస్తాను?" అంది.

దొడ్డి చివర గొయ్యి తీసి, ట్యాంకులోది వంచి మట్టి కప్పాను. ట్యాంకు, పైపు, కార్బొరేటరు రెండుసార్లు పెట్రోలుతో కడిగాను. కొత్తగా ఆయిల్ కలిపి పోసి కిక్కు కొడితే, నాలుగో దెబ్బకి బండి అందుకుంది. పొగలో ఇంకా ఆ వాసన ఉంది. నాకు సంతోషం లేదు. ముప్ఫై ఏళ్ళలో స్టార్టయిన బండిని చూసి భయపడింది ఆ ఒక్కసారే.

బావ లేచి వచ్చి బండెక్కాడు. ఆపడానికి నా చెయ్యి ముందుకెళ్ళింది. అంతలో అక్క కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చి వెనక కూర్చుంది.

"ఎక్కడికే?" అన్నాడు బావ.

"నువ్వెక్కడికెళ్తే అక్కడికి."

ఆయన చాలాసేపు గేరు వెయ్యలేదు. తర్వాత బండి మెల్లగా దున్నేసిన చేనువైపు మళ్ళింది. గంట తర్వాత ఇద్దరూ తిరిగొచ్చారు. ఆ గంట నేనెలా గడిపానో చెప్పలేను.

ఆ వారమే పేటలో డాక్టరుకి చూపించాం. మందులు వాడుతున్నాడు. అన్నం తింటున్నాడు, మాట్లాడుతున్నాడు. ఈ ఏడు మళ్ళీ మిరపే వేశాడు. అక్క మాత్రం బండి దిగలేదు. పొలానికి, ఎరువుల కొట్టుకి, టీ బంకుకి ఆయన వెనకే. ఈ వయసులో షికార్లేమిటని ఊళ్ళో ఆడవాళ్ళు ఆట పట్టిస్తే తనూ నవ్వుతుందట.

మొన్న క్లచ్చి వైరు మార్పించడానికి ఇద్దరూ నా షాపుకొచ్చారు. బావ అవతల టైర్లకి గాలి పట్టించుకుంటున్నాడు. నేను గొంతు తగ్గించి, "భయం తగ్గిందా అక్కా?" అని అడిగాను.

"తగ్గితే దిగి ఇంట్లో కూర్చోనుట్రా?" అంది, ఆయన మీదనించి చూపు తిప్పకుండా.