మావయ్య కెమెరాకు ఎండ తాగించిన రోజు

నా చిన్నప్పుడు నెల్లిమర్లలో మా మావయ్యకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. అందులో ఆయన ప్రాణం ఒక పాత ఫిల్ము కెమెరా, ఆ కెమెరా ప్రాణం దాని ముందున్న పెద్ద లెన్సు. ఆ లెన్సుతో మిణుగురు పురుగు వెలుగులో పెళ్లి ఫోటోలు తీసేవాడని ఇప్పటికి వందమందికైనా చెప్పి ఉంటాను. అబద్ధం. ఒక కిటికీ అయినా తెరిచి ఉండాలి, పగలై కూడా ఉండాలి. మిగతా కెమెరాలు చేతులెత్తేసే మసక గదుల్లో అది పని చేసేదన్నది మాత్రం నిజం.

దాని లోపలి రెక్కలు పూర్తిగా తెరిచి తీస్తే కళ్లు ఒక్కటే స్పష్టంగా పడేవి. చెవుల దగ్గరికి వచ్చేసరికి మనిషి మంచులో కలిసిపోతున్నట్టు ఉండేది. తెల్ల చీర అంచు చుట్టూ పాలపొంగులాంటి వెలుగు పరుచుకునేది. మావయ్య దాన్ని లోపమనేవాడు కాదు. "దీని గుణం ఇది. ఎక్కువ వెలుతురు తాగుతాది, కొంచెం ఒలకబోస్తాది" అనేవాడు. ఆ మాటే నా కొంప ముంచింది.

మా పక్కింటి మామ్మకు అప్పటిదాకా ఒక్క ఫోటో కూడా లేదు. కళ్లలో శుక్లాలు తీయించుకున్నాక ఫ్లాషు వెలుగంటే ఆమెకు భయం. ఆ ఏడు దగ్గు పట్టుకుని మంచం దిగడం మానేసింది. అమ్మ రూపం ఒక్కటైనా మిగలాలని కూతురు వచ్చి మావయ్యను అడిగింది. ఫ్లాషు లేకుండా రేపు తీస్తానన్నాడు. మామ్మ గది నాకు తెలుసు. ఉన్నది ఒకే కిటికీ, అదీ జానెడు. అక్కడ లెన్సుకు తాగడానికి ఏం దొరుకుతుంది? ముందుగానే దాని కడుపు నింపి తీసుకెళ్తే సరి అనుకున్నాను. మావయ్య అన్నానికి వెళ్లగానే కెమెరాను మేడ మీదికి మోసుకెళ్లి, మూత తీసి, నడినెత్తి సూర్యుడికి ఎదురుగా పిట్టగోడకు ఆనించాను.

కాసేపటికి సైకిలు ట్యూబు కాలిన వాసన వచ్చింది. లెన్సులోంచి తొంగి చూస్తే, లోపల ఫిల్ముకు అడ్డంగా ఉండే నల్లగుడ్డ తెర మీద ఆవగింజంత మచ్చ. మూత బిగించి, ఎక్కడిది అక్కడ పెట్టేశాను.

మర్నాడు కెమెరా సంచీ నేనే మోశాను. దారిలో మూడుసార్లు చెప్పబోయాను. మూడుసార్లూ మావయ్య ఈల వేస్తూనే ఉన్నాడు. ఆ కెమెరాలో మనం చూసే అద్దం వేరు, ఫోటో తీసే లెన్సు వేరు. లోపల తెర కాలినా చూసేవాడికి తెలియదు. కూతురు మామ్మకు తల దువ్వి కిటికీ పక్కన కూర్చోబెట్టింది. మావయ్య మీట నొక్కాడు.

స్టూడియో చీకటిగదిలో ఎర్ర దీపం కింద, మందునీళ్ల పళ్లెంలో కాగితం మీద మామ్మ మెల్లగా తేలింది. ఆమెతో పాటు తెల్లటి చుక్క ఒకటి తేలింది. అది సరిగ్గా ముక్కు మీద పడి రవ్వల ముక్కుపుడకలా మెరిసిందని, కూతురు మురిసిపోయిందని నేను ఊరంతా చెప్పుకున్నాను. మా మనవలు నమ్మారు కూడా. నిజం ఇప్పుడు చెబుతున్నాను. చుక్క ఎడమ కంటి మీద పడింది. తీయించుకున్న శుక్లం మళ్లీ వచ్చినట్టు ఉంది.

మావయ్య కెమెరా వెనక తలుపు తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. మచ్చ ఉన్నచోట తెరకు చిల్లు, అందులోంచే వెలుగు ఫిల్ము మీదికి కారింది. "దీనికి ఎండ దెబ్బ తగిలిందిరా" అన్నాడు. నా వైపు చూడలేదు. ఏడుస్తూ అంతా చెప్పేశాను. కడుపు నింపుదామనుకున్న సంగతి వినేసరికి ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. కోపమో నవ్వో ఇప్పటికీ తెలియదు. "తాగుతాది గానీ దాసుకోదురా గుంటడా. రేపు మళ్లీ తీద్దుం. ఎందుకో మామ్మకి నువ్వే సెప్పాల."

సైకిలు షాపు నుంచి పంక్చర్ సొల్యూషన్ తెచ్చి, దీపం మసి కలిపి, అగ్గిపుల్ల కొసతో ఆ చిల్లు పూడ్చాడు. అది ఆరాలి. సాయంత్రమంతా గోడ అవతల మామ్మ దగ్గు వినిపిస్తూనే ఉంది. దగ్గు ఆగినప్పుడల్లా నాకు ఊపిరాడలేదు. తెల్లారేలోగా ఆమెకు ఏమైనా అయితే, ఆ చుక్క కన్నే ఆమెకు మిగిలే రూపం.

తెల్లారింది. మామ్మ ఉంది. మంచం కోడు పట్టుకుని నిలబడి చెప్పాను.

"ఏటీ, నా గది సీకటని కెమెరాకి ఎండ తాగించావా?" అంది. "నన్నూ ఆ మేడ మీద ఎట్టలేకపోయావురా, ఈ దగ్గయినా ఇంకిపోయేది." నవ్వింది, ఆ నవ్వుకు మళ్లీ దగ్గింది.

మావయ్య కెమెరా నా కంటికి ఆనించాడు. అద్దంలో మామ్మ మీద ఇంకో పల్చటి మామ్మ, కొంచెం పక్కకు జరిగి ఉంది.

"ఇద్దరున్నారు మావయ్యా."

"ఇద్దరూ ఒకరయ్యేదాకా రింగు తిప్పు. అవకుండా నొక్కితే మనిషి పడదు."

తిప్పాను. ముందుకు పోయాను, వెనక్కి వచ్చాను. చివరికి ఇద్దరు మామ్మలూ ఒక్కరయ్యారు. ఊపిరి బిగబట్టి నొక్కాను.

ఆ తర్వాత మామ్మ పదేళ్లు బతికిందని చెప్పాలని ఉంది. నాలుగు నెలలు. దండ వేసింది ఆ ఫోటోకే. రెండు కళ్లూ స్పష్టంగా ఉన్నాయి, తెల్లజుట్టు కిటికీ వెలుగులోకి కరిగిపోతోంది.

ఆ కెమెరా ఇప్పుడు నా దగ్గరుంది. మనవడు ఫిల్ము తెప్పించుకుని, ఆ పాలపొంగు వెలుగు కోసం దాన్ని అడిగి తీసుకుపోతుంటాడు. మూత మరిచిపోకని గుమ్మం దాకా వెళ్లి చెప్పి వస్తాను. కథ మొదలుపెడితే ఇప్పటికీ నాకు మామ్మ ఇద్దరుగానే కనబడుతుంది, ముక్కుపుడకతో ఒకరు, చుక్క కంటితో ఒకరు. ముక్కుపుడక దాకా హాయిగా వెళ్తాను. తర్వాత ఆ రోజులాగే, ఇద్దరూ ఒకరయ్యేదాకా రింగు వెనక్కి తిప్పుకుంటాను.