సాయన్న పాదం, లక్ష్మవ్వ చెయ్యి

సాయన్న పాదాల్లో స్పర్శ పోయి చాలా ఏళ్లయింది. పెళ్లయిన కొత్తలో ఒంటి మీద తెల్లటి మచ్చలు లేచాయి. ఊళ్లో దాన్ని పెద్దరోగం అన్నారు. మందులు మింగితే రోగం పోయింది గాని, చచ్చిన నరాలు మళ్లీ బతకలేదు. అరికాళ్లు పూర్తిగా మొద్దుబారాయి, చేతివేళ్లు సగం మొద్దుబారాయి. ముల్లు దిగినా, నిప్పు మీద అడుగు పడినా ఆయనకు తెలియదు. తెలిసేది ఆయన పెళ్లాం లక్ష్మవ్వకే.

రోజూ పొద్దుగూకి పనుల నుంచి వచ్చాక ఆమె చేతులు కడుక్కుని, బల్బు కింద కూర్చుని, ఆయన పాదాలు ఒళ్లో పెట్టుకునేది. బొటనవేలితో అరికాలంతా మెల్లగా తడిమేది. ఎక్కడైనా వేడి తగిలితే అక్కడ ఆగేది.

“ఈడ నొస్తుంది నీకు” అనేది.

“అట్లనా? నా కాలు నాకెందుకు చెప్పలే మరి?” అని సాయన్న నవ్వేవాడు.

“నవ్వు నవ్వు. ఆ దినం నవ్వినవా?”

ఆ దినం అంటే ఏడేళ్ల కిందటి మాట. చెరుకు కొట్టిన చేలో మోడు గుచ్చుకుని కుడికాలికి పుండైంది. ఎముక దాకా పోయింది. నిజామాబాద్‌లో రెండు వేళ్లు తీసేశారు. “ఈ కాలికి మళ్లీ పుండైతే మడమ దాకా తియ్యాలె” అని డాక్టరు లక్ష్మవ్వతోనే చెప్పాడు. అప్పటి నుంచి ఆమె ఆ కాలిని పసిపిల్లను సాకినట్టు సాకింది.

ఆమె చెయ్యికి తోడు ఒక జత చెప్పులు ఉండేవి. బాన్సువాడలో ఒక వెనక గల్లీలో రెండు గదుల దవాఖాన నుంచి ఏడాదికో జత వచ్చేది. కాగితం మీద పాదం పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసి, ఆ కొలతకే కుట్టించేవాళ్లు. లోపల మెత్తటి రబ్బరు, కింద గట్టి టైరు. ఒకరివి ఇంకొకరికి పట్టవు. ఆ దవాఖానను నడిపేది ఎక్కడో చలిదేశంలో చర్చిల వాళ్లు పెట్టుకున్న సంస్థ. ఏ దేశమో ఎవరికీ సరిగ్గా తెలియదు గనుక అందరూ దాన్ని లండన్ దవాఖాన అనేవాళ్లు. అక్కడి ముసలమ్మలు రొట్టెలు కాల్చి, ఉన్ని టోపీలు అల్లి, చర్చి ముందు అమ్మి ఆ పైసలు పంపుతారని కట్లు కట్టే సిస్టర్ సిరీష ఒకసారి చెప్పింది. ఆ మాట విన్నాక లక్ష్మవ్వ ప్రతి ఆదివారం ఆ ముసలమ్మల ఆయుష్షు కోసం ప్రార్థన చేసేది.

“వాళ్లు సల్లగుంటెనే నీ కాలు సల్లగుంటది” అనేది.

పోయినేడు చెప్పులు రాలేదు. ఈ ఏడూ రాలేదు. పాతజత నడుమ రబ్బరు కాగితంలా పలచబడింది. సాయన్న దాని మీద సైకిల్ ట్యూబు ముక్క వేసుకుని గోపాల్ పటేలు పొలాలకు కాలువ నీళ్లు పారబెడుతూ తిరిగేవాడు. ఆ పని ఉన్నంతకాలం ఇంట్లో బియ్యానికి ఫికర్ లేదు. అందులో రోజంతా నడకే.

నాట్లు జోరుగా సాగుతున్న రోజుల్లో సిరీష ఫోన్ చేసింది.

“సాయన్నా, రేపు హైదరాబాద్ ఆఫీసు నుంచి సారొస్తుండు. వీడియో తీస్తడట. అది బయటిదేశం పంపుతరు. చూసి ఎవలన్న కొత్త చర్చి వాళ్లు ముందుకొస్తె దవాఖాన నిలబడతది. లేకుంటె ఇగ తాళమే. నువ్వొచ్చి సాక్ష్యం చెప్పాలె.”

“నేనెందుకమ్మా? మాట్లాడొచ్చినోళ్లను పిలువుండ్రి.”

“నీ అంత మంచిగ కాలు కాపాడుకున్నోడు మా దగ్గర ఇంకొకడు లేడు. ఏడేండ్ల నుంచి పుండు లేదు. నువ్వే మా సర్టిఫికెట్.”

ఆ మాటకు సాయన్న పొంగిపోయాడు. జీవితంలో ఆయన్ని ఎవరూ ఇలా ముందు నిలబెట్టలేదు. లక్ష్మవ్వ వెంటనే ఆయన చెప్పుల వైపు చూసింది.

“ఈ అతుకుల చెప్పులతోని ఫారిన్ వాళ్ల ముందల నిలబడతవా? ఇన్నేండ్లు పైసలు పంపింది దీనికేనా అనుకోరా?”

ఆమె తన అన్న కొడుకు భూమేశ్ పెళ్లినాటి నల్లబూట్లు అటక మీద ఉంటే అడిగి తెచ్చింది. కొబ్బరినూనె గుడ్డతో రుద్ది మెరిపించింది. “పొద్దున నేను చెయ్యి పెట్టి చూసినంకనే తొడుక్కో” అని చెప్పి పడుకుంది.

కాని పొద్దున్నే నాట్ల ఆటో రోజూ వచ్చే వేళకంటే ముందే వచ్చేసింది. మేస్త్రీ హారన్ మీద హారన్ కొట్టాడు. కూలి పోతుందని లక్ష్మవ్వ సద్ది గిన్నె పట్టుకుని ఉరికింది. సాయన్న బూట్లలో తానే చెయ్యి పెట్టి తడిమాడు. ఏమీ తగల్లేదు. మేజోళ్లు వేసుకుని, బూట్లు తొడిగి, బీర్కూర్ దారిలో బస్సెక్కాడు.

బాన్సువాడ బస్టాండులో దిగి దవాఖాన దాకా నడిచాడు. బూట్లతో నడుస్తుంటే తనెవరో వేరే మనిషనిపించింది. దవాఖాన వరండాలో దేవీబాయి కూర్చుని ఉంది. తండా నుంచి వచ్చే ముసలామె, కాలికి ఎప్పుడూ కట్టే.

“ఓహో, పెండ్లికొడుకొచ్చిండు! పిల్లేదిరా సాయన్నా?”

“నీకోసమే వచ్చిన. ఇంకెవలున్నరు నాకు?”

“ఛీ పో! నా కాలు చూసినోడు మల్లోసారి రాడు” అని ఆమె పళ్లులేని నోటితో నవ్వింది.

లోపల తెల్లటి గచ్చు నేల. ఎప్పుడూ రబ్బరు చుట్టలతో నిండి ఉండే బల్ల ఖాళీగా ఉంది. గోడకు మాత్రం అందరి పాదాల కొలత కాగితాలు మేకులకు వేలాడుతున్నాయి. హైదరాబాద్ నుంచి వచ్చిన అఖిలేశ్ ఫోనును మూడుకాళ్ల స్టాండుకు బిగిస్తున్నాడు. పిల్లవాడు మర్యాదస్తుడే. “నమస్తే అంకుల్” అని కుర్చీ చూపించాడు.

కూర్చున్నాక సాయన్న అడిగాడు. “సారూ, అక్కడి ముసలమ్మలు పైసలెందుకు బంద్ చేసిండ్రు? మా తప్పేమన్న ఉన్నదా?”

అఖిలేశ్ స్టాండు వదిలి ఆయన ఎదురుగా వచ్చాడు. “మీ తప్పేం లేదంకుల్. ఆ ముసలమ్మల్ల సగం మంది చచ్చిపోయిండ్రు. పిల్లలు చర్చికి రారు. రెండు చర్చిలు అమ్మేసిండ్రు కూడా. ఇగ మిగిలినోళ్లు పంపుతమన్నా, బయట పైసలు తీసుకునే పర్మిషన్ మళ్లీ రాయించుకోవాలె. మా ఆఫీసోళ్లే గడువు దాటబెట్టిండ్రు. వచ్చిన పైసలు కూడా వాపస్ పోయినయ్.”

“మరి వీడియో?”

“పర్మిషన్ వచ్చేలోపల కొత్త చర్చిలను ఒప్పించాలె కదా. ఇదొక్కటే దారి.”

సిరీష గోడకు ఆనుకుని నిలబడింది. చాలాకాలంగా ఆమె సగం జీతానికే వస్తోంది. ఆమె కళ్లు సాయన్న మీదే ఉన్నాయి.

“సిస్టర్ దిక్కు చూసి చెప్పుండ్రి అంకుల్, కెమెరా దిక్కు కాదు” అన్నాడు అఖిలేశ్.

సాయన్న గొంతు సవరించుకున్నాడు. “దేవునికి స్తోత్రం. నా పేరు సాయన్న. నేను కూలి చేసుకుంట...”

అప్పుడు ఆయన చూపు నేల మీద పడింది. గుమ్మం నుంచి కుర్చీ దాకా తెల్లటి గచ్చు మీద చిన్నచిన్న ఎర్రటి మరకలు. దేవీబాయివేమో అనుకున్నాడు. వరండాలో ఆమె చాపుకున్న కాలు కనిపించింది. కట్టు పొడిగా, తెల్లగా ఉంది. మరకలు వచ్చి ఆగింది తన కుడి బూటు దగ్గర.

ఒళ్లంతా చల్లబడింది. కాలులో మాత్రం ఏమీ లేదు. నొప్పి లేదు, మంట లేదు, తడి కూడా తెలియడం లేదు. డాక్టరు మాట చెవిలో గిర్రున తిరిగింది. లేచి అరవాలనిపించింది. ఎదురుగా సిరీష రెండు చేతులూ జోడించుకుని నిలబడి ఉంది. ఈ వీడియో చెడితే ఆమె బతుకు, దేవీబాయి కట్టు, గోడ మీది ఆ పాదాలన్నీ తనవల్లే పోతాయనిపించింది. కుర్చీ కింద ఎడమ బూటు జరిపి దగ్గరి మరకను కప్పాడు.

“ఈ దవాఖాన చెప్పులు తొడిగినన్ని దినాలు” అన్నాడు, “నా కాలికి పుండు కాలే. వాళ్లెవలో నాకు తెల్వదు. నేనెవలో వాళ్లకు తెల్వదు. మా ఆమె మాత్రం వాళ్ల కోసం ప్రతి ఐతారం ప్రార్థన చేస్తది. చెప్పులు బంద్ చెయ్యకుండ్రి. మాకు వేరే కాళ్లు లేవు.”

“సూపర్ అంకుల్!” అఖిలేశ్ కళ్లు తుడుచుకున్నాడు. “ఇగ ఒక్కటే షాటు. బూటు తీసి అరికాలు చూపెట్టుండ్రి. ఏడేండ్ల నుంచి మంచిగున్న కాలు అని దగ్గర నుంచి తీస్త.”

“వద్దు సారూ.”

“సిగ్గెందుకంకుల్?”

“వద్దన్న కదా బిడ్డా.”

సిరీష నవ్వుతూ వచ్చి నేల మీద కూర్చుంది. “నేనే విప్పుత. నీ కాలు నాకు కొత్తనా?” లేసు ముడి విప్పి, మడమ కింద చెయ్యి పెట్టి ఆగిపోయింది. ఆమె వేళ్లకు తడి తగిలింది.

సిరీష బూటు తీసింది. ఎప్పుడో బూటు మడమ ఊడితే ఎవరో చెప్పులు కుట్టేవాడు చిన్న మేకు కొట్టాడు. అది పైకి లేచి, మేజోడు చించుకుని, మడమలోకి దిగింది. అది దిగబడే అంత దూరం నడిచి వచ్చాడు. గాయం నోరు తెరుచుకుని ఉంది.

“చెయ్యి పెట్టి చూసుకోలేదా సాయన్నా?” అంది సిరీష. “ఎన్నిసార్లు చెప్పిన!”

“చూసిన సిస్టరమ్మా. నా చెయ్యికేం తెలుస్తది?”

అఖిలేశ్ ఫోను స్టాండు నుంచి తీశాడు. పట్టుకుని నిలబడ్డాడు. ఏదో అడగాలని నోరు తెరిచి, మూశాడు. సాయన్నకు అర్థమైంది.

“తియ్యి బిడ్డా. గిది చూస్తే పైసలొస్తయా?”

“అంకుల్... ఒక్కోసారి వస్తయి.”

“సారూ, సిగ్గుండాలె మీకు!” అని సిరీష లేచింది.

“ఆయననేమనకమ్మా” అని సాయన్న తానే రెండు చేతులతో కాలు పైకెత్తి పట్టుకున్నాడు. “తియ్యి. మంచిగ కనబడేటట్టు తియ్యి.”

గుమ్మం దగ్గరికి పాకుతూ వచ్చిన దేవీబాయి ఇదంతా చూసింది. “ఇదేం లెక్కనయ్యా! మంచిగున్న కాలుకు చెప్పులియ్యకపోతిరి, పుండైన కాలుకు ఫోటో తీయవడితిరి” అంది. అఖిలేశ్ ఆమె వైపు చూడకుండా ఫోను దగ్గరికి పట్టాడు. రెండుమూడు సార్లు తీయాల్సి వచ్చింది.

సిరీష పుండు కడిగి, మందు వేసి, అలమరలో ఉన్న కట్లలో దేవీబాయికి కావలసినవి పక్కన పెట్టి మిగిలినవన్నీ సాయన్నకు చుట్టింది. “నెలన్నర కాలు కింద పెట్టొద్దు. నీళ్లు తగలొద్దు. వాసనొస్తే నిజామాబాద్ ఉరుకుండ్రి, నాకోసం చూడొద్దు. వచ్చే నెల నేనుంటనో లేదో” అంది. అఖిలేశ్ తన కారులో బస్టాండు దాకా దింపాడు. దిగేటప్పుడు ఏదో చెప్పబోయాడు. సాయన్న వినకుండానే తలూపాడు.

లక్ష్మవ్వ పొలం నుంచి వచ్చేసరికి ఆయన మంచం మీద ఉన్నాడు. బూట్లు ప్లాస్టిక్ సంచిలో కట్టి మూలకు పెట్టాడు. ఆమె కట్టు చూసింది, సంచి చూసింది. బురద చేతులతోనే సంచి విప్పి కుడి బూటులో చెయ్యి పెట్టింది. వెంటనే “అబ్బా!” అని చెయ్యి వెనక్కి లాక్కుంది. వేలి చివర రక్తపు చుక్క నిలిచింది. ఆ వేలిని కొంగుకు తుడుచుకుని మంచం పక్కన కూర్చుంది.

“ఒక్క నిమిషం ఆగుమంటే ఆటోవోడు ఆగకపోవునా?” అంది. “కూలి కోసం ఉరికిన. నేనే ఉరికిన.”

“నీదేం తప్పు?”

“మరి బూట్లెవలు తెచ్చిండ్రు? నువ్వు తెచ్చినవా?”



ఇంతలో గోపాల్ పటేలు ఫోన్ చేశాడు. తెల్లారితే కాలువలో తమ వంతు, మడులకు నీళ్లు తిప్పాలి, మనిషి రాకపోతే వేరేవాణ్ని పెట్టుకుంటానన్నాడు. “వస్తం పటేలా” అని లక్ష్మవ్వే చెప్పి పెట్టేసింది.

“నువ్వు నాట్లకు పోకుంటె ఎట్ల? రెండు పనులు చేస్తవా?” అన్నాడు సాయన్న.

“ఒక్కటన్న ఉండనియ్యి. నువ్వు కాలు కింద పెడితే నా మీద ఒట్టు.”

తెల్లవారుతుండగా ఆమె ఆయన పార భుజాన వేసుకుని వెళ్లింది. పొద్దున్నే మొదలైన సాయన్న పని మధ్యాహ్నానికి గాని ఒక కొలిక్కి రాలేదు. మంచం మీదనే కూర్చుని, కట్టు కాలు మూట మీద పెట్టుకుని, పాత దవాఖాన చెప్పు ముందేసుకున్నాడు. పలచబడిన చోట ట్యూబు ముక్క తీసేసి, పాత టైరు ముక్క కోసి కూర్చాడు. దానిపైన గోనెగుడ్డ మడిచి పరిచి, దబ్బనంతో కుట్టాడు. ఆ కాలు ఉంటుందో పోతుందో తెలియదు. ఉంటే తొడగడానికి ఒక చెప్పుండాలి గదా అనుకున్నాడు.

కుట్టడం అయ్యాక లోపల చెయ్యి పెట్టి తడిమాడు. మెత్తగానే ఉన్నట్టుంది. దారం ముడి ఎక్కడైనా లేచి ఉందేమో, దబ్బనం ముక్క విరిగి లోపల ఉందేమో ఆ వేళ్లు చెప్పలేవు. చెప్పును గడప దగ్గర పెట్టాడు. కాలువ వైపు దారి చూస్తూ కూర్చున్నాడు. తడిమి చూడాల్సిన చెయ్యి ఇంకా పొలం నుంచి రాలేదు.