మా ఇంటిల్లిపాదికీ బోదకాలు

కాళ్ళు నొప్పి పుడితే ఎవరైనా ఏం చేస్తారు? కాసేపు కూర్చుంటారు. నేను ఆ చిన్న పని చేయలేక, నోటితో ఒక పెద్ద పని చేశాను. దాంతో నా బతుకు ఎలా తలకిందులైందో చెబుతాను, వినండి. నవ్వొస్తే నవ్వండి. నాకు నవ్వు రావడానికి చాలా ఏళ్ళే పట్టింది.

మా నాన్న గోదావరి వైపు నుంచి కాలవ నీళ్ళని నమ్ముకుని వచ్చి కురుగోడు దగ్గర వరి వేశాడు. నేను మడిలో దిగితే తుమ్ములు, గట్టెక్కితే ఆవులింతలు. చూసి చూసి, "నువ్వు మట్టికి పనికిరావురా, గుడ్డకైనా పనికొస్తావేమో" అని బళ్ళారిలో ఒక బట్టల అంగట్లో గుమాస్తాగా పెట్టించాడు.

అంతకు ముందు ఆ అంగట్లో పరుపులుండేవట. సావుకారు, గుమాస్తాలు, కొనేవాళ్ళు అందరూ కూర్చునే బేరాలాడేవారట. నేను చేరే వేళకి సావుకారు ఏ పట్నంలోనో చూసొచ్చి, పొడుగాటి కొయ్యబల్ల వేయించాడు. కొనేవాళ్ళకి బెంచీ. సావుకారుకి పరుపు, బాలీసు అలాగే ఉన్నాయి. మాకు మాత్రం బల్ల వెనక నిలబడ్డానికి నేల.

"కూసుంటే కండ్లు మూతపడతాయప్పా. నిలబడుకుంటే మనిషి చురుగ్గా ఉంటాడు," అనేవాడు సావుకారు, బాలీసు మీదికి ఒరిగి, కళ్ళు మూసుకుని.

నాకు ముందున్న గుమాస్తా ఎవరో కొనడానికొచ్చిన ఆయనతో, "కాళ్ళు పీకుతాండాయి సామీ, కూసోనీయరు" అన్నాడట. మర్నాటి నుంచి వాడు ఇంట్లోనే కూర్చున్నాడు. ఆ కథ నాకు చేరిన రోజే చెప్పారు, జాగ్రత్త కోసం.

సాయంత్రానికి నా పాదాలు పూరీల్లా పొంగేవి. కంటోన్మెంట్‌లో మరియమ్మ అనే ముసలమ్మ ఇంటి వెనక గదిలో ఉండేవాణ్ణి. ఆదివారం ప్రార్థనకి, మిగతా రోజులు నా కాళ్ళకి అంకితమైపోయిందావిడ.

"ఏంది నాయనా, ఇట్ల వాచిండాయి? నీళ్ళు కాగబెట్టినా. ఉప్పేసుకోని కాళ్ళు పెట్టు. ఆమైన గోడకి పైకి ఆనిచ్చి పండుకో."

వేణ్ణీళ్ళలో పాదాలు దిగుతుంటే, అబ్బ, స్వర్గం కింద నుంచి పైకి ఎక్కేది. పెళ్ళిళ్ళ కాలం వచ్చి నిలబడడం మరీ ఎక్కువయ్యాక ఆవిడ ఇంకో మందు చెప్పింది. "ఆముదం పూసి, జిల్లేడాకు ఎచ్చజేసి గుడ్డతో కట్టుకో. పొద్దున్నే ఇప్పేయాల, మర్చిపోవాకు."

నేను మర్చిపోలేదు. కావాలనే విప్పలేదు. పడుకున్న కాళ్ళకే ఇంత హాయి ఇస్తే, నిలబడ్డ కాళ్ళకి ఇంకెంత ఇస్తుందో అనుకున్నాను. చూశారా తెలివి? ఆకులు రెండింతలు చేసి, గుడ్డ నాలుగు చుట్లు చుట్టి, పంచె నేల ఊడ్చేలా దించి అంగడికి బయల్దేరాను. నడుస్తుంటే అడుగడుక్కీ కప్ప అరిచినట్టు చప్పుడు.

మధ్యాహ్నం ఒక పెద్దాయన, ఆయన భార్య వచ్చారు. మా వైపు మాట! బళ్ళారిలో గోదావరి యాస వింటే నాకు అమ్మ వండిన పులుసు తిన్నట్టుండేది. ఉన్న చీరలన్నీ వాళ్ళ ముందు పోసేశాను. ఆవిడ చీరల్ని కాకుండా నన్నే ఎక్కువ చూస్తోందని గమనించాల్సింది. గమనించలేదు.

"ఆ జరీ చీర ఇలా వెలుగులోకి పట్టుకురా బాబూ," అన్నాడాయన.

బల్ల దాటి బయటికొచ్చాను. పంచె బల్ల అంచుకి తట్టుకుంది. అరటిబోదెల్లాంటి రెండు కాళ్ళు, వాటిలోంచి తొంగిచూస్తున్న ఆకులు, కారుతున్న ఆముదం, అన్నీ వెలుగులోకే వచ్చాయి.

"అయ్యయ్యో, ఆ కాళ్ళేంటి బాబూ?" అందావిడ. "పొద్దస్తమానం నిలబడే పని కదా, అందుకు వాచాయా?"

చూడండి, ఆ మహాతల్లి నిజాన్ని నా నోటికి అందించింది. నేను "అవునమ్మా" అంటే చాలు. కానీ పరుపు మీద సావుకారు కళ్ళు తెరిచాడు. ఒకసారి దగ్గాడు.

"అబ్బెబ్బే! నిలబడ్డం వల్ల కాదమ్మా. మా సావుకారు దేవుడు. ఇది మా వైపు నీళ్ళ గుణమండి."

పెద్దాయన మొహం మారింది. "బోదకాలా?"

ఆ మాట నాకు తట్టలేదు. తట్టించినందుకు ఆయనకి మనసులో దణ్ణం పెట్టుకున్నాను. "ఆఁ, అదేనండి! మా ఇంట్లో అందరికీ ఉన్నదే. మా నాన్నకైతే రెండు కాళ్ళూనండి."

మొగుడూపెళ్ళాలు మొహాలు చూసుకున్నారు. చీర మళ్ళీ చూస్తామని లేచిపోయారు. సావుకారు జీవితంలో మొదటిసారి నన్ను చూసి నవ్వాడు. "బాగా చెప్తివప్పా!"

మర్నాడు మా నాన్న బస్సు దిగి తిన్నగా అంగట్లోకి వచ్చాడు.

"ఒరేయ్! నాకు బోదకాలు ఎప్పుడొచ్చిందిరా?"

"నాన్నా, నెమ్మదిగా..."

"నెమ్మదేంట్రా! నీకు చూసిన పిల్ల నీ ఫోటో చూసి సరేనంది. వాళ్ళమ్మా నాన్నా నిన్న మనిషిని ఒక్కసారి చూసి ఖాయం చేసుకుందామని వచ్చారు. నువ్వు మొత్తం వంశాన్నే మంచాన పడేశావు! చూడండయ్యా, చూడండి!" అంటూ పంచె మోకాళ్ళ పైదాకా ఎత్తి, చీరలు కొనేవాళ్ళందరికీ కాళ్ళు చూపించాడు. ఎండుకట్టెల్లాంటి కాళ్ళు. కానీ జనం వాటిని చూడ్డం లేదు. "బోదకాలంట" అన్న మాటే విన్నారు. బెంచీ ఖాళీ అయింది.

సావుకారు లేచి కూర్చున్నాడు. "ఇట్లాంటి జబ్బు ఉండేవాణ్ణి పెట్టుకుంటే అంగట్లోకి ఎవురొస్తారప్పా? రేపట్నించి రావాకు."

"జబ్బేం లేదండి! నిలబడి నిలబడి వాచాయి, అంతే!"

"అంటే నిన్న అబద్ధం చెప్పినావా? అబద్ధాలు చెప్పేవాడు నాకు అసలే వద్దు."

నిజానికీ అబద్ధానికీ ఒకే వాకిలి. దాన్లోంచే నేనూ నాన్నా బయటికి నడిచాం. ఆ పిల్లని ఆ వేసవిలోనే ఎవరో తాలూకా ఆఫీసు గుమాస్తాకి ఇచ్చారని తర్వాత విన్నాను. కుర్చీ ఉన్న ఉద్యోగం.

కురుగోడు బస్సు కిక్కిరిసి ఉంది. ఇక్కడా నిలబడాలేమో అనుకుంటుంటే, అంగట్లో గొడవ చూసినవాడు ఒకడు మమ్మల్ని గుర్తుపట్టాడు. పక్కవాడి చెవిలో ఏదో ఊదాడు. ఇద్దరూ దిగ్గున లేచారు. "కూసోండప్పా, కూసోండి" అంటూ వెనక్కి జరిగిపోయారు. సీటు మొత్తం మాదే అయింది. నెలల తరబడి నిలబడ్డ కాళ్ళకి పగటిపూట దొరికిన మొదటి ఆసనం అది. నాన్న దారంతా పంచె మోకాళ్ళ మీదికి ఎత్తుకునే కూర్చున్నాడు, ఎవరైనా చూస్తారేమోనని. ఎవరూ చూడలేదు.

ఆ సీటు మీదే, సకల దేవతలూ మరియమ్మగారి ఏసుప్రభువూ సాక్షిగా ప్రమాణం చేశాను: ఇక ఈ జన్మలో నా కాళ్ళ గురించి ఎవరడిగినా, ఎదురుగా ఎంతటివాడు ఒరిగి కూర్చున్నా, నిజమే చెబుతాను. ముందు కూర్చుని, ఆ తర్వాత చెబుతాను.