నిండిపోయిన మెయిల్
లింగస్వామి రోజూ దిల్‌సుఖ్‌నగర్ నెట్ సెంటర్‌కు వచ్చి, ఒక్క వేలితో పాస్‌వర్డ్ కొట్టి, చేతులు కట్టుకుని తెరకేసి చూసేవాడు. రెండేళ్లుగా పంపిన దరఖాస్తులన్నీ, స్కాన్ చేసిన సర్టిఫికెట్లతో సహా, మెయిల్లోనే దాచుకున్నాడు. తెలంగాణ బంద్ నాటి పొద్దున, ఇంటర్వ్యూ లెటర్ మూడుసార్లు పంపినా తిరిగొచ్చిందని కంపెనీవాళ్లు ఫోన్ చేయడంతో, సగం దించిన షట్టర్ కింద నుంచి దూరి లోపలికొచ్చాడు.

"మేడం, జర చూడుండ్రి. ఏమైందో సమజైతలేదు," అన్నాడు సెంటర్ నడిపే విజయదుర్గతో.

"మెయిల్ నిండిపోయిందండీ. పాతవి తీసేస్తేగానీ కొత్తవి రావు."

ఒక్కో దరఖాస్తూ చెరిపేశాడు. మళ్లీ పంపమని ఫోన్లో బతిమాలాడు. లెటర్ వచ్చింది. ఇంటర్వ్యూ ఇవాళే, పదకొండింటికి, అబ్దుల్లాపూర్‌మెట్‌లో.

"బస్సుల్లేవు కదండీ, ఇరవై కిలోమీటర్లు ఎలా వెళ్తారు?"

"ఉరుకుత, మేడం."

పరుగు మీద ఎల్బీనగర్ చౌరస్తా చేరేసరికే పదకొండైంది; ఇంకా పదిహేను కిలోమీటర్లు మిగిలే ఉంది. అయినా అతను ఆగలేదు.