ఆరు రవికెముక్కలు

2023 చలికాలంలో, సౌదీలోని జుబైల్‌లో, బతికున్న ఆరుగురు ఆడవాళ్లను నేను ఒక్క సుద్దముక్కతో అండమాన్ పంపించాను.

నేను వాచ్‌మన్‌గా ఉన్న బిల్డింగులో కడప వైపు పనిమనుషులు ఆరుగురు ఒకే గదిలో ఉండేవారు. ఇంటికి పోవడానికి ఫైనల్ ఎగ్జిట్ కాగితం కోసం ఎదురుచూపు. తెల్లవాళ్ల కాలంలో మనవైపు ఆడఖైదీలను ఓడలెక్కించి అండమాన్ పంపారని వాళ్లలో ఒకరైన ఓబులమ్మకు ఊర్లో ఉన్న కూతురు ఫోన్లో చెప్పిందట.

"తిరిగిరాని ఆడబిడ్డలన్నా. పుట్టింటోళ్లు రవికెముక్క కూడా పెట్టింటారో లేదో. తలా ఒక ముక్కమీద ఒకరి పేరు మనం కుడదాం" అంది ఓబులమ్మ.

కింది ఫ్లాటు నర్సమ్మ ఫోన్లో వెతికి, ఆ ఖైదీల్లో ఆరుగురి పేర్లు ఒక కాగితం మీద రాసిచ్చింది. వీళ్లకు చదువు రాదు. రాత్రిబడిలో అక్షరాలు నేర్చినవాణ్ణి నేనే. కాగితం చూసి, కూడబలుక్కోకుండా గీతకు గీత దించి, గుడ్డలమీద సుద్దతో పేర్లు రాశాను. గీతల మీదుగా వాళ్లు ఎర్రదారంతో కుట్టారు.

"చదివి చెప్పు మామా, నాది ఎవరి పేరో" అంది రాయచోటి ఆమె.

"పోయినోళ్ల పేర్లు కుట్టేటప్పుడు పలుకద్దు" అన్నాను. అట్లాంటి ఆచారమేమీ లేదు. పైకి చదివితే కూడబలుక్కుంటానని సిగ్గు.

శుక్రవారం మధ్యాహ్నం తాడుకు వేలాడదీసి, కుంకుమ చల్లి, దీపం పెట్టాం. ఏసీ ఆపేసి ఉంది. అయినా రవికెముక్కలు మెల్లగా ఊగాయి.

"నన్నెవరో పిలిచినట్లుంది" అంది ఓబులమ్మ. ఫోటో తీసి కూతురికి పంపింది.

వెంటనే ఫోన్ వచ్చింది. "అమ్మా, నీకేమైంది? నీ పేరుకు దీపమెందుకు పెట్టినారు?"

ఆ పిల్ల తాడు మీది పేర్లు ఒక్కొక్కటే చదివింది. ఒక్కో పేరుకు గదిలో ఒక్కొక్కరు "ఆ" అన్నారు. ఆరు పేర్లు, ఆరు గొంతులు.

కాగితం తిప్పి చూశాను. ఖైదీల పేర్లు అటువైపు ఉన్నాయి. నేను రాసింది, అంతకుముందు అదే కాగితం మీద నర్సమ్మ రాసుకున్న వీళ్ల ఎగ్జిట్ జాబితా.

"నీకు చదువొచ్చు కదా మామా?" అంది రాయచోటి ఆమె.

"వచ్చు. కాగితం తిప్పడమే రాలేదు."

మిగతా ఐదుగురూ తమ పేర్ల కుట్లు విప్పేశారు. ఓబులమ్మ కత్తెర తీసుకుంటుంటే నేను ఆపాను. ఖైదీల్లోనూ ఒక ఓబులమ్మ ఉంది.

"నీ ముక్కమీది పేరు తప్పు కాదు చెల్లె, ఉండనీయ్. ఆమెది నీ పేరే."

"నాకు భయంగా ఉందన్నా."

"నేను రాసినవాట్లో ఒక్కటన్నా ఒప్పు ఉండనీయ్" అని పట్టుబట్టాను. ఆమె కత్తెర కింద పెట్టింది.

ఎండలు ముదిరేలోగా ఐదుగురికి ఎగ్జిట్ వచ్చింది. ఓబులమ్మకు రాలేదు.