గుండీ మెడకు కచ్చాకుట్టు పట్టీ

కాలర్ల మామయ్య కుట్టిన చొక్కా తొడుక్కుంటే, కాలరు మెడతోపాటే పుట్టిందా అన్నట్టు ఉండేది. వయసులో ఉన్నప్పుడు ఆయన పెద్ద బట్టల కర్మాగారంలో పనిచేశాడు. అక్కడ ఒకరు చేతులు కుట్టేవాళ్ళు, ఒకరు జేబులు, ఈయన కాలర్లు. మనుషుల్లేని కాలర్లు పొద్దస్తమానం ఆయన ముందు దొంతరలుగా పడి ఉండేవి. ఆ తర్వాత ఇంటి ముందుగదిలో సొంత కొట్టు పెట్టుకున్నా, ఎవరి మొహమూ ఓ పట్టాన గుర్తుండేది కాదు. పొట్టిమెడాయన, పుట్టుమచ్చ మెడావిడ కొడుకు అని చెబితేగాని ఎవరి చొక్కా అడుగుతున్నారో పోల్చుకోలేకపోయేవాడు.

ఇంతమందికి మెడలు బిగించిన మనిషి తన చొక్కా పై గుండీ మాత్రం ఏనాడూ పెట్టుకోలేదు. పెట్టుకుంటే ఊపిరాడదనేవాడు. పెళ్ళి ఫొటోలో సైతం మెడ దగ్గర చొక్కా తెరుచుకునే ఉంటుంది. ఆ ఫొటో దులిపినప్పుడల్లా ఆయన భార్య ఓ మాట దెప్పకుండా ఉండదు.

ఒక వాన మధ్యాహ్నం ఆ కొట్టులోకి ఓ ఆడకుక్క వచ్చి, కత్తిరింపు బల్ల కింద గుడ్డముక్కల్లో ముడుచుకు పడుకుంది. ఎర్రటి ఒళ్ళు, గుండ్రటి నల్లముక్కు. ఆ ముక్కు చూసి మామయ్య భార్య గుండీ అని పేరు పెట్టింది. దాని మెడ చుట్టూ వేలెడు వెడల్పున వెంట్రుకలే లేవు. చిన్నప్పుడెవరో తాడు కట్టి ఉంటారు. కుక్క ఎదిగింది, తాడు ఎదగలేదు.

అన్నం పెడితే తినేది, తోక ఊపేది. మెడ దగ్గరికి చెయ్యి పోతే మాత్రం నేలకు కరుచుకుపోయి, చీపురు తగిలినా కదలనంతగా బిగుసుకుపోయేది.

ఉండనీలే, దాని మెడతో మనకేం పని అనుకున్నారు మొగుడూ పెళ్ళాలు. అంతలో యూనిఫారం కుట్టించుకోవడానికొచ్చిన బస్సు డ్రైవరు ఒక కబురు మోసుకొచ్చాడు. కుక్కల వ్యాను వీధివీధీ తిరుగుతోందట. మెడకు పట్టీ ఉండి, ఆ పట్టీ పట్టుకుంటే కదలకుండా నిలబడే కుక్కనే ఇంటికుక్కగా లెక్కేసి వదిలేస్తున్నారట. మిగతావాటిని ఎక్కించుకుపోతున్నారు. అలా పోయినదేదీ తిరిగి రాలేదు.

మామయ్య ఆ సాయంత్రమే తోలుపట్టీ కొనుక్కొచ్చాడు. గిరాకీల మెడ కొలిచే అలవాటుకొద్దీ వెనకనుంచి వెళ్ళి, మీదికి వంగి, పట్టీ చుట్టబోయాడు. గుండీ భయానికి నేల తడిపేసి కుట్టుమిషను కింద దూరింది. గుడ్డు ముక్క చూపించి పిలిచి మళ్ళీ పట్టబోయాడు. దాంతో గుడ్డన్నా అనుమానమే పట్టుకుంది దానికి. తన చేతిని చూస్తే ఒక ప్రాణి అంత వణకడం మామయ్యకు ఎక్కడో గుచ్చుకుంది. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

భార్య గడప మీద కూర్చుని కాజాలు కుడుతూ ఇదంతా చూసింది.

"చేతికి కాదండీ, అది మీ మెడకి భయపడుతోంది," అంది.

"నా మెడకేమైందే?"

"మెడలో కొలతల టేపు వేలాడేసుకుని దాని మీదికి వంగుతున్నారు. అది టేపని దానికేం తెలుసు? ఇంకో తాడనుకుంటోంది."

మామయ్య తడుముకుని చూసుకున్నాడు. నిజమే. నిద్రలో తప్ప ఆ టేపు ఆయన మెడ దిగేది కాదు. తీసి బల్లమీద పెడితే, నలుగురిలో చొక్కా లేకుండా నిలబడ్డట్టు అనిపించింది.

ఆ మర్నాటినుంచి మధ్యాహ్నాలు నెమ్మదించాయి. మామయ్య టేపు తీసేసి, కుక్కకు ఎదురుగా కాకుండా పక్కగా నేలమీద చతికిలబడేవాడు. ముందు భుజం మీద చెయ్యి, ఆ తర్వాత గుడ్డు ముక్క. చెయ్యి పడ్డాకే గుడ్డు వస్తుందని దానికి తెలియాలి. అది మొహం తిప్పుకుంటే ఆ పూటకు అక్కడితో సరి. ఇస్త్రీపెట్టె మెల్లగా చల్లారేది. కిటికీ ఎండలో సుద్దపొడి, నూలుపీచు అటూ ఇటూ తేలేవి. గుండీ కలలో పరిగెడుతూ కాళ్ళు కదిలించేది. దాన్ని చూస్తూ మామయ్యకూ కునుకు పట్టేది. ఆ కునుకులో ఆయన ఇన్నేళ్ళూ కుట్టిన కాలర్లన్నీ తెల్లటి పిట్టలై కర్మాగారం కిటికీల్లోంచి ఎగిరొచ్చేవి. వీధి మీద గిరికీలు కొడుతూ, ఎవరి మెడమీదా వాలకుండా, ఎటో వెళ్ళిపోయేవి. మెలకువ వచ్చేసరికి చెయ్యి కుక్క మెడమీద ఉండేది. కుక్క నిద్రపోతూనే ఉండేది.

అప్పుడాయన తోలుపట్టీ పక్కన పడేసి, మెత్తటి పాత గుడ్డతో పట్టీ చేశాడు. కొలత చూసుకోవడానికి చొక్కాకు వేసినట్టే, దాని కొసలు రెండూ కచ్చాకుట్టుతో కలిపాడు. కాస్త లాగితే ఊడిపోతుంది. పట్టీని వలయంలా పట్టుకుని అవతల గుడ్డు ముక్క చూపిస్తే, గుండీ తనంతట తానే ముక్కు దూర్చింది. మెడకు తగలగానే వెనక్కాలితో బరికింది. దారం తెగి పట్టీ కిందపడింది. గుండీ దాన్ని వాసన చూసి, మామయ్య వంక చూసింది. ఆయన మళ్ళీ కుట్టాడు. అది మళ్ళీ తెంపింది. అలా కొన్నాళ్ళు సాగాక, ఒకరోజు తెంపడం మరిచిపోయి పట్టీతోనే నిద్రపోయింది.

"ఇక మిషన్ కుట్టు వేసెయ్యండి," అంది భార్య.

రేపు వేస్తాలే అన్నాడాయన. ఆ రేపు రాకుండానే వ్యాను వచ్చింది.

వ్యాను మనిషి ఉచ్చు కర్ర పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు. గుండీ మామయ్య పిక్కల వెనక్కి చేరింది.

"పట్టీ ఉందిగా బాబూ," అన్నాడు మామయ్య.

"గుడ్డపేలిక చుట్టి ఇంటికుక్కంటే ఎలా పెద్దాయనా? పట్టుకుని చూపించండి."

మామయ్యకు దారం గుర్తొచ్చింది. ఇప్పుడది ఒక్క గుంజు గుంజితే పట్టీ చేతిలో ఉంటుంది, కుక్క ఉచ్చులో ఉంటుంది. టేపు తీసి భార్య చేతికిచ్చి, మెట్టు మీద పక్కగా కూర్చున్నాడు. కుక్క గడ్డం కిందనుంచి రెండు వేళ్ళు పట్టీలోకి పోనిచ్చాడు. దాని వణుకు ఆయన వేళ్ళలోకి పాకింది. కర్ర కదిలింది. పట్టీలో ఒక పోగు తెగడం వేళ్ళకు తెలిసింది. ఆయన బిగించలేదు. బిగించడానికి అక్కడేమీ లేదు కూడా.

గుండీ వెనక్కి లాగలేదు. మెడ ముందుకు చాచి, గడ్డం ఆయన అరచేతిలో పెట్టి, గుడ్డు కోసం రెండో చేతివైపు చూసింది.

వ్యాను మనిషి ఉచ్చు వెనక్కి తీసుకున్నాడు. "తోలుది కట్టండి, ఇది ఆగదు," అని కర్ర భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మామయ్య భార్య లోపలికి పరుగెత్తి గుడ్డు మొత్తం తెచ్చి కుక్క నోట్లో పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం మామయ్య పట్టీని మిషను మీద పెట్టాడు. అంచులన్నిటికీ రెండు వరసల గట్టికుట్టు వేశాడు. కొసలు కలిసే చోట మాత్రం మళ్ళీ సూది తీసి కచ్చాకుట్టే మొదలుపెట్టాడు. భార్య అది చూసింది. ఏమండీ అనబోయి, ఆయన తెరిచి ఉంచుకున్న చొక్కా పై గుండీ వైపు చూసింది. సూదిలోకి ఇంకో దారం ఎక్కించి అందించింది.

మెడ బోసిగా ఉన్న గుండీ మిషను పక్కనే కూర్చుని, తన పట్టీ ఎప్పుడిస్తారా అని చూస్తోంది.